క్రైస్ట్‌చర్చ్ లాంకస్టర్ పార్క్ కథ: తెలిసినవాళ్ళు తలా ఓ మాట చేర్చండి

వాల్తేరు_వాసి

అందరికీ నమస్కారం. నేను ఉండేది న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలో, క్రైస్ట్‌చర్చ్‌లో. మా ఇల్లు వాల్తమ్ పేటకు దగ్గర. 2011 భూకంపం దాకా ఈ పేటలోనే లాంకస్టర్ పార్క్ అనే పెద్ద రగ్బీ స్టేడియం ఉండేది. కాంటర్‌బరీ జట్టుకీ, క్రూసేడర్స్‌కీ అదే సొంతగడ్డ. ఇప్పుడు అక్కడ స్టాండ్లూ లేవు, ఫ్లడ్‌లైట్లూ లేవు. పచ్చిక మైదానాలు మాత్రం ఉన్నాయి. మన తెలుగు పిల్లలు కొందరు శనివారం పొద్దున్నే ఆటకి అక్కడికే వెళ్తారు. కానీ ఆ నేల మీద ఏమేం జరిగాయో వాళ్ళ అమ్మానాన్నలకి కూడా తెలీదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

1880లో ఇక్కడి క్రికెట్, అథ్లెటిక్స్ ప్రియులు ఓ కంపెనీ పెట్టి, బెంజమిన్ లాంకస్టర్ అనే భూస్వామి నుంచి సుమారు 11 ఎకరాలు కొన్నారు. ఎకరం 260 పౌన్లు. అది చిత్తడి నేల. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో మళ్ళీ అవసరమవుతుంది. 1881లో మైదానం మొదలైంది. క్రికెట్, పరుగు పందాలు, సైకిల్ పందాలు, టెన్నిస్ అన్నీ జరిగేవి. 1912 జనవరి మొదటి మూడు రోజుల్లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్ కూడా ఇక్కడే జరిగింది. ఆస్ట్రలేషియా (ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ కలిసిన) జట్టు అమెరికాను 5-0తో ఓడించింది. ఆల్ బ్లాక్స్, అంటే న్యూజీలాండ్ రగ్బీ జట్టు, ఇక్కడ మొదటి టెస్టు (రగ్బీలో దేశాల మధ్య మ్యాచ్) ఆడింది 1913లో. ఆస్ట్రేలియా చేతిలో 16-5తో ఓడిపోయారు.

నాకు బాగా నచ్చిన ముక్క ఆ తర్వాతది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఆటలు ఆగిపోయాయి, అప్పులు పెరిగాయి. అప్పుడు మైదానం దున్ని బంగాళదుంపలు వేశారు! యుద్ధం అయ్యాక 1919లో ప్రత్యేక చట్టం తెచ్చి, యుద్ధంలో చనిపోయిన క్రీడాకారుల జ్ఞాపకంగా ఆ స్థలాన్ని ప్రజలపరం చేశారు. కొన్నాళ్ళు విక్టరీ పార్క్ అని పేరు కూడా పెట్టారు. జనం మాత్రం లాంకస్టర్ పార్క్ అనే పిలిచారు. 1924లో కట్టిన స్మారక ద్వారం ఈ రోజుకీ నిలబడి ఉంది.

మిగతాది మీరు చెప్పండి.

కొత్త_బంతి

అన్నా, నాకు రగ్బీ కొత్త. ఈ మధ్యే క్రైస్ట్‌చర్చ్‌కి చదువుకోడానికి వచ్చాను. కాంటర్‌బరీ అంటే ఏంటి, క్రూసేడర్స్ అంటే ఏంటి? రెండూ ఒకటి కాదా?

పెన్నాతీరం

కాదు తమ్ముడూ. కాంటర్‌బరీ ఇక్కడి రాష్ట్ర జట్టు అనుకో, వందేళ్ళకు పైగా ఉంది. క్రూసేడర్స్ 1996లో సూపర్ రగ్బీ (న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా జట్ల టోర్నమెంట్) కోసం పుట్టిన ప్రాంతీయ జట్టు. దక్షిణ ద్వీపంలో పై సగం మొత్తం దాని కింద లెక్క. నెల్సన్, మార్ల్‌బరో, వెస్ట్ కోస్ట్, టిమారు వైపు కుర్రాళ్ళు అందరూ అందులోకే వస్తారు. మొదటి ఏడాది అట్టడుగున నిలిచిన జట్టు, 1998, 1999, 2000 మూడేళ్ళు వరసగా కప్పు కొట్టింది.

నేను 2004లో వచ్చాను. 2006 ఫైనల్‌కి మా ఆయనా నేనూ స్టాండ్‌లోనే ఉన్నాం. వెల్లింగ్టన్ జట్టు హరికేన్స్‌తో మ్యాచ్. పొగమంచు ఎంత దట్టంగా దిగిందంటే మాకు అవతలి అంచు కనిపించలేదు. బంతి పైకి తన్నితే మాయమైపోయేది. ఎక్కడో గోల చేస్తే అటు చూసేవాళ్ళం. మన కేసీ లౌలాలా ట్రై కొట్టాడని (బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించాడని) పక్కవాళ్ళు అరిస్తే తెలిసింది మాకు. 19-12తో క్రూసేడర్స్ గెలిచారు. టీవీలో చూసినవాళ్ళకి కూడా పెద్దగా ఏమీ కనిపించలేదట. అయినా ఆ రాత్రి ఆ జనంలో ఉండటం ఉందే, అది వేరే.

చార్మినార్_ఎండ్

రగ్బీ వాళ్ళు ఏమీ అనుకోకపోతే క్రికెట్ సంగతి చెప్తాను, ఎందుకంటే ఇందులో మన హైదరాబాద్ ఉంది.

న్యూజీలాండ్ తన మొట్టమొదటి టెస్టు ఆడింది లాంకస్టర్ పార్క్‌లోనే, 1930 జనవరిలో, ఇంగ్లండ్ మీద. ఇంగ్లండ్ బౌలర్ మారిస్ ఆలమ్ ఐదు బంతుల్లో నాలుగు వికెట్లు తీశాడు, అందులో హ్యాట్రిక్ ఉంది. 1968లో గ్రాహం డౌలింగ్ కెప్టెన్‌గా తన మొదటి టెస్టులోనే ఇక్కడ మన మీద 239 కొట్టాడు. భారత్ మీద న్యూజీలాండ్ తొలి టెస్టు గెలుపు అదే. మరుసటి ఏడాది అదే డౌలింగ్ జట్టుతో హైదరాబాద్ వచ్చాడు.

ఇక 1990 ఫిబ్రవరి. అజహరుద్దీన్ కెప్టెన్‌గా ఆడిన మొదటి టెస్టు ఇక్కడే. మన వెంకటపతి రాజు కూడా ఇక్కడే టెస్టుల్లోకి వచ్చాడు. ఎడమచేతి స్పిన్నర్‌ని నైట్‌వాచ్‌మన్‌గా పంపారు. రెండు గంటలకు పైగా నిలబడి 31 పరుగులు చేశాడు. అటువైపు ఆరు వికెట్లు పడిపోతుంటే ఇటు రాజు కదల్లేదు. జట్టు మొత్తం చేసింది 164. అంత చలిగాలిలో, హ్యాడ్లీ బౌలింగ్‌లో, తొలి మ్యాచ్ ఆడుతున్న కుర్రాడు! రెండో ఇన్నింగ్స్‌లో సంజయ్ మంజ్రేకర్‌ని బౌల్డ్ చేసి రిచర్డ్ హ్యాడ్లీ 400 వికెట్లు పూర్తి చేశాడు. టెస్టుల్లో అంతకు ముందు ఎవరూ ఆ అంకె చేరలేదు. హ్యాడ్లీది ఆ ఊరే. సొంత ఊళ్ళో, సొంత జనం ముందు. మనం పది వికెట్లతో ఓడిపోయాం కానీ ఆ రోజు పేపర్లో ఆ ఫొటో చూసినప్పుడు నాకు ఏడుపు రాలేదు, సంతోషమే అనిపించింది.

ఇంకో సంగతి. మన ఎల్‌బీ స్టేడియంలో జరిగిన టెస్టులు మొత్తం మూడు: 1955, 1969, 1988. మూడూ న్యూజీలాండ్ మీదే. ఈ రెండు ఊళ్ళకీ ఏదో రుణం ఉంది.

సీమ_సింహం

చార్మినార్ గారూ, నేథన్ ఆస్టల్‌ని వదిలేశారే! 2002లో ఇంగ్లండ్ మీద 168 బంతుల్లో 222. టెస్టుల్లో అంత వేగంగా డబుల్ సెంచరీ అంతకుముందు లేదు. మ్యాచ్ పోయింది, ఆ ఇన్నింగ్స్ మాత్రం మిగిలింది. మనవాళ్ళలో 2009లో సచిన్ వన్డేలో 163, మధ్యలో నొప్పితో వెనక్కి వెళ్ళాడు గానీ లేకపోతే డబుల్ సెంచరీ ఆ రోజే అయ్యుండేది.

వాల్తేరు_వాసి

రాజు ఇన్నింగ్స్ సంగతి చెప్పినందుకు థాంక్స్ చార్మినార్ గారూ. అథ్లెటిక్స్ కూడా ఒకటి చేర్చాలి. 1962 ఫిబ్రవరి 3న న్యూజీలాండ్ రన్నర్ పీటర్ స్నెల్ ఈ మైదానంలో గడ్డి మీద పరుగెత్తి 800 మీటర్లు 1 నిమిషం 44.3 సెకన్లలో ముగించాడు, ప్రపంచ రికార్డు. అదే పరుగులో 880 గజాల రికార్డు కూడా. ఇప్పుడు మెత్తటి సింథటిక్ ట్రాకుల మీద, ప్రత్యేకమైన షూలతో ఆ టైమింగ్ అందుకోలేని మంచి రన్నర్లు ఎందరో ఉన్నారు. స్నెల్ పరుగెత్తింది రగ్బీ, క్రికెట్ ఆడే నేల మీద.

ఇప్పుడు రగ్బీకి వద్దాం. 1956 గురించి ఎవరికైనా తెలుసా?

జోబర్గ్_జనార్దన్

నేను చెప్తాను. ఉద్యోగం జోహానెస్‌బర్గ్‌లో కాబట్టి అవతలి వైపు నుంచి విన్న కథ ఇది.

ఆ ఏడాది స్ప్రింగ్‌బాక్స్, అంటే దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు, న్యూజీలాండ్ వచ్చారు. అప్పటిదాకా వాళ్ళ మీద ఆల్ బ్లాక్స్ ఎప్పుడూ సిరీస్ గెలవలేదు. రెండు టెస్టులయ్యాక చెరొకటి. మూడోది లాంకస్టర్ పార్క్‌లో. స్క్రమ్‌లో (రెండు జట్లూ భుజాలు ఆనించి నెట్టుకునే చోట) దక్షిణాఫ్రికా ముందువరస ఆటగాళ్ళు కాక్, బెక్కర్ నలిపేస్తున్నారని, ఆట మానేసిన కెవిన్ స్కిన్నర్‌ని వెనక్కి పిలిపించారు. స్కిన్నర్ ఒకప్పుడు బాక్సర్. మొదట కాక్‌తో, తర్వాత వైపు మారి బెక్కర్‌తో చేతులు కలిశాయి, పిడికిళ్ళతో! ఆ మ్యాచ్‌లోనే ఫుల్‌బ్యాక్ డాన్ క్లార్క్ అడుగుపెట్టాడు. 17-10 గెలుపు. తర్వాత ఆక్లండ్‌లో కూడా గెలిచి సిరీస్ పట్టేశారు.

కానీ 1981 ఆగస్టు 15 గురించి కూడా చెప్పాలి. వర్ణవివక్ష నడుస్తున్న కాలంలో స్ప్రింగ్‌బాక్స్ పర్యటన. న్యూజీలాండ్ దేశమే రెండుగా చీలిపోయింది. ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోని రోజులట అవి. అంతకు మూడు వారాల ముందు హామిల్టన్‌లో నిరసనకారులు మైదానంలోకి వచ్చేసి మ్యాచ్ ఆపేశారు. మొదటి టెస్టు క్రైస్ట్‌చర్చ్‌లో. ముళ్ళకంచెలు, పోలీసులు, బయట వేలమంది. 14-9తో ఆల్ బ్లాక్స్ గెలిచారు.

నాతో పనిచేసే ఒకాయన డర్బన్ తెలుగువాడు, ముత్తాత చెరకు తోటలకి వచ్చిన కుటుంబం. వాళ్ళ నాన్నగారు స్ప్రింగ్‌బాక్స్ ఓడిపోవాలని రేడియో ముందు కూర్చునేవారట. తన రంగు వాళ్ళకి చోటివ్వని జట్టు తన దేశం జట్టు ఎలా అవుతుందని అనేవారట. నల్లవాళ్ళు, భారతీయులు చాలామంది అక్కడ ఆల్ బ్లాక్స్‌నే తమ జట్టుగా చూసుకున్నారు. అందుకే ఆ రోజు గేటు లోపల చప్పట్లు కొట్టినవాళ్ళ కంటే గేటు బయట నిలబడి దెబ్బలు తిన్నవాళ్ళే ఆ స్టేడియం చరిత్రలో గొప్పవాళ్ళని నా అభిప్రాయం.

సీమ_సింహం

ఆటని ఆటలా చూడాలి కదండీ. ఆటగాళ్ళేం చేశారు?

జోబర్గ్_జనార్దన్

ఆటగాళ్ళలో కూడా ఆడనని తప్పుకున్నవాళ్ళున్నారు. ఆల్ బ్లాక్స్ కెప్టెన్‌గా చేసిన గ్రాహం మౌరీ ఆ సిరీస్‌కి దూరంగా ఉన్నాడు. బ్రూస్ రాబర్ట్‌సన్ కూడా. అంతకు ముందు, 1960లో దక్షిణాఫ్రికా వెళ్ళిన ఆల్ బ్లాక్స్ జట్టులో మావోరీ ఆటగాళ్ళనే తీసుకోలేదు. ఇది తెలిశాక ఆటని ఆటలా చూడటం నా వల్ల కాదు.

పెన్నాతీరం

ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ 1981 మాట ఎత్తితే గొంతు తగ్గిస్తారు. కానీ 1985 మాట ఎత్తండి, అందరూ ఒకేసారి మాట్లాడతారు!

ర్యాన్‌ఫర్లీ షీల్డ్ అని ఉంది. లీగ్ టేబుల్‌తో పనిలేదు, షీల్డ్ ఎవరి దగ్గర ఉంటే వాళ్ళని వాళ్ళ సొంత మైదానంలో సవాలు చేసి గెలుచుకోవాలి. 1982లో కాంటర్‌బరీ దాన్ని గెలిచింది. కోచ్ అలెక్స్ వైలీ. వచ్చినవాళ్ళందర్నీ ఓడిస్తూ 25 సార్లు నిలబెట్టుకున్నారు, ఆక్లండ్ పాత రికార్డుతో సమానం. ఇంకొక్కటి గెలిస్తే కొత్త రికార్డు. సవాలు చేసింది ఎవరు? ఆక్లండే.

1985 సెప్టెంబర్ 14. జనం సీట్లు, గడ్డి గట్టు నిండిపోయి, టచ్‌లైన్ దాకా వచ్చి నేల మీద కూర్చున్నారు. ఆ రోజు ఉన్న మా పక్కింటి పెద్దాయన చెప్తుంటే విన్నా: చెట్ల మీద, కప్పుల మీద కూడా మనుషులే. హాఫ్‌టైమ్‌కి ఆక్లండ్ 24, కాంటర్‌బరీ సున్నా. జనం ఊపిరాడనట్టు కూర్చున్నారట. రెండో సగంలో కాంటర్‌బరీ ఒక్కో ట్రై వేస్తూ 23 దాకా వచ్చేసింది. చివరికి 28-23. ఓడిపోయారు. అయినా ఆ పెద్దాయన తను చూసిన గెలుపులేవీ చెప్పడు, ఈ ఓటమే చెప్తాడు.

లండన్_లంక

నాకు ఈ జట్టు తెలిసింది ఆ స్టేడియం పోయాకే. 2011 మార్చి 27న క్రూసేడర్స్ లండన్ వచ్చి ట్వికెనమ్‌లో సౌతాఫ్రికా షార్క్స్‌తో ఆడారు. సూపర్ రగ్బీ మ్యాచ్ ఆ మూడు దేశాల బయట జరగడం అదే మొదలు. భూకంప బాధితుల కోసం డబ్బు పోగు చేశారు. నేనుండేది హౌన్‌స్లోలో, పక్కనే కాబట్టి ఫ్రెండ్‌తో వెళ్ళా. ఎటు చూసినా ఎరుపు, నలుపు. ముప్పై ఐదు వేల మంది వచ్చారు. సోనీ బిల్ విలియమ్స్ ఒంటి చేత్తో బంతి వెనక్కి ఇస్తుంటే నోరు తెరుచుకుని చూశాం. 44-28 గెలిచారు. ఆ సీజన్ అంతా వాళ్ళకి సొంత మైదానమే లేదు, నెల్సన్, టిమారు తిరిగి ఆడారు. అయినా ఫైనల్ దాకా వెళ్ళి బ్రిస్బేన్‌లో రెడ్స్ చేతిలో 18-13తో ఓడారు.

కొత్త_బంతి

అసలు భూకంపంలో ఏమైంది? మా యూనివర్సిటీలో అందరూ అంటుంటారు గానీ వివరంగా ఎవరూ చెప్పరు.

ఒట్టి_మట్టి

నేను జియోటెక్నికల్ ఇంజినీర్ని, కాబట్టి నేల వైపు నుంచి చెప్తాను.

2010 సెప్టెంబర్ 4న 7.1 తీవ్రతతో మొదటిది వచ్చింది. తెల్లవారుజామున, ఊరికి దూరంగా. 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12:51కి వచ్చింది తీవ్రతలో చిన్నది, 6.2. కానీ లోతు తక్కువ, ఊరికి ఆనుకునే. 185 మంది చనిపోయారు.

వాల్తేరు గారు మొదట్లో చిత్తడి నేల అన్నారు చూడండి, కీలకం అదే. నీళ్ళతో నిండిన వదులు ఇసుకని గట్టిగా ఊపితే ఇసుక రేణువుల మధ్య పట్టు పోయి, కాసేపు అది ద్రవంలా ప్రవర్తిస్తుంది. లిక్విఫ్యాక్షన్ అంటాం. బూడిదరంగు బురద పగుళ్ళలోంచి పైకి ఉబికి వస్తుంది. ఊళ్ళో వేల ఇళ్ళ పెరళ్ళలో అదే జరిగింది, స్టేడియంలో కూడా. ఆడే నేల ఎగుడుదిగుడైపోయింది. అసలు సమస్య స్టాండ్ల కింద. పునాదులు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ దిగాయి. బయటికి నిటారుగా కనిపిస్తున్న స్టాండ్ లోపల కాంక్రీటు చీలి ఉంటుంది. తూర్పు వైపు డీన్స్ స్టాండ్ 2010లోనే తెరిచారు, ఎక్కువ కాలం వాడనే లేదు. దాన్ని చూస్తే మా వృత్తివాళ్ళకి కడుపు తరుక్కుపోతుంది.

ఆ ఏడాదే రగ్బీ వరల్డ్ కప్. క్రైస్ట్‌చర్చ్‌లో రెండు క్వార్టర్ ఫైనల్స్‌తో కలిపి ఏడు మ్యాచ్‌లు జరగాలి. మార్చి మధ్యలో అన్నీ వేరే ఊళ్ళకి మార్చేశారు. అప్పుడు స్టేడియానికి ఉన్న పేరు ఏఎంఐ స్టేడియం. ఆ పేరు ఒక ఇన్సూరెన్స్ కంపెనీది. భూకంపం క్లెయిముల దెబ్బకి ఆ కంపెనీనే ప్రభుత్వం 50 కోట్ల డాలర్ల హామీతో ఆదుకోవాల్సి వచ్చింది.

పెన్నాతీరం

ఆ రోజు నేను టౌన్‌లో ఆఫీసులో ఉన్నా. దాని గురించి రాయలేను. స్టేడియం గురించి ఒక్కటి అడుగుతా: బాగు చేయడానికి వీలున్నా కూల్చేశారని ఇక్కడ చాలామంది బాధ. ఆరేళ్ళు అలాగే పాడుపెట్టి, 2017లో కూల్చేద్దామని కౌన్సిల్ తీర్మానించింది. మీరేమంటారు?

ఒట్టి_మట్టి

వీలుండటం వేరు, విలువ ఉండటం వేరు. ఏ స్టాండ్‌నైనా జాక్‌లు పెట్టి లేపి, కింద నేలని గట్టిపరచి నిలబెట్టొచ్చు. కానీ ఇన్సూరెన్స్ డబ్బు దానికి చాలదు, పైగా తర్వాత వచ్చే భూకంపానికి మళ్ళీ అదే చిత్తడి. నేనైతే కూల్చమనే సంతకం పెడతాను.

డునెడిన్_దారి

మా డునెడిన్‌లోనూ కారిస్‌బ్రూక్ అని పాత స్టేడియం ఉండేది. దాన్ని వదిలేసి 2011లో పూర్తి కప్పు ఉన్న ఫోర్సైత్ బార్ స్టేడియం కట్టారు, కింద నిజమైన గడ్డి. చలికాలం రాత్రి కూడా వెచ్చగా కూర్చుని చూస్తాం. కారిస్‌బ్రూక్ నేల అమ్మేశారు. మీది కనీసం జనానికే మిగిలింది, అది చూసుకోండి.

పెన్నాతీరం

అది నిజమే. కానీ క్రూసేడర్స్ అడింగ్టన్‌లో తాత్కాలికంగా కట్టిన స్టేడియంలో ఎన్నేళ్ళు ఆడారు? 2012 మార్చిలో మొదలెట్టారు, దాదాపు వంద రోజుల్లో కట్టారు, అందుకు దండం పెట్టాలి. కానీ ఎముకలు కొరికే చలిలో పరంజా సీట్ల మీద, వానొస్తే తడుస్తూ, ఒక తరం పిల్లలు అదే సొంత స్టేడియం అనుకుంటూ పెరిగారు. అన్ని కప్పులు గెలిచిన జట్టుకి ఇది అన్యాయం. నిర్ణయాలు ఇంత ఆలస్యం చేసినవాళ్ళని నేను క్షమించలేను.

వాల్తేరు_వాసి

పెన్నాతీరం గారూ, ఆలస్యం విషయంలో మీ కోపం న్యాయమే. ఊరి నడిబొడ్డున కప్పు ఉన్న కొత్త స్టేడియానికి 68.3 కోట్ల డాలర్ల బడ్జెట్‌కి కౌన్సిల్ 2022 జూలైలో గానీ సరే అనలేదు. తెరిచేది 2026 ఏప్రిల్ అన్నారు. అంటే భూకంపం నుంచి పదిహేనేళ్ళు.

కానీ లాంకస్టర్ పార్క్ ఇలా మిగలడం నాకు నష్టంగా అనిపించదు. 1919లో ఆ నేలని ఇచ్చింది జనం ఆడుకోవడానికి. మధ్యలో అది టికెట్ కొంటే గానీ అడుగుపెట్టలేని చోటైంది. 1998లో జేడ్ స్టేడియం అన్నారు, 2007లో ఏఎంఐ అన్నారు, పేరు కూడా డబ్బిచ్చినవాళ్ళది. ఇప్పుడు మళ్ళీ పాత పేరే. శనివారం పొద్దున వెళ్ళి చూడండి. మంచు ఆరని గడ్డి మీద ఏడెనిమిదేళ్ళ పిల్లలు, మోకాళ్ళ దాకా బురద, పక్కన ఎవరో పెనం మీద సాసేజ్‌లు కాలుస్తుంటారు, రెండు డాలర్లిస్తే బ్రెడ్డులో చుట్టి ఉల్లిపాయతో ఇస్తారు. సమోవా పిల్లలు, మావోరీ పిల్లలు, మన పిల్లలు ఒకే బంతి వెంట. స్మారక ద్వారాన్ని బాగు చేసి ఉంచారు. యుద్ధానికి వెళ్ళి తిరిగి రాని ఆటగాళ్ళ కోసం కట్టిన ద్వారం అది. దాని ఎదురుగా పిల్లలు ఆడుతుంటే అంతకు మించిన స్టాండ్ ఏం కావాలి?

పెన్నాతీరం

నాకు రెండూ కావాలండీ, పిల్లల ఆటా కావాలి, యాభై వేల మంది గోలా కావాలి. 1961లో ఫ్రాన్స్ మ్యాచ్‌కి 57 వేల మంది పట్టిన చోటు అది. కొత్తదాంట్లో 30 వేలే. ఆ గోల మళ్ళీ ఈ ఊరికి రాదు.

కొత్త_బంతి

నాకు రూల్స్ కూడా పూర్తిగా రావు. ఈ పార్క్‌లో జరిగిన ఒక్క మ్యాచ్ చూడాలంటే ఏది చూడను?

పెన్నాతీరం

1985 షీల్డ్ మ్యాచ్ వీడియో వెతుకు. రెండో సగం నుంచే మొదలుపెట్టకు, మొదటి సగం ఓపిగ్గా చూడు. అప్పట్లో ట్రైకి ఇప్పట్లా ఐదు కాదు, నాలుగే పాయింట్లు. ఆ లెక్క పక్కన పెట్టుకుని చూస్తే 24 నుంచి వెనక్కి రావడం ఎంత కష్టమో అర్థమవుతుంది. శనివారం పార్క్‌కి వస్తే చెప్పు, మా పక్కింటి పెద్దాయన్ని కూడా తీసుకొస్తా. ఆయన పక్కన కూర్చుంటే రూల్స్ అవే వస్తాయి.